ఎవరో గారి కుటుంబం

పెద్ద అధికారి మూడు రోజుల శిక్షణకి వెళ్ళి వట్టి చేతులతో తిరిగొస్తే జిల్లాకి మంచిది. ఆ ఏడు వెళ్ళిన పెద్దాయన అలా రాలేదు. ఒక జనపనార సంచీ, ఒక పెన్నూ, కుటుంబాలనీ బంధాలనీ అర్థం చేసుకోవడానికి సమాజశాస్త్రం చెప్పే సిద్ధాంతాల మీద ఒక పుస్తకమూ పట్టుకొచ్చాడు. సంచీ భార్యకిచ్చాడు. పెన్ను జేబుకి తగిలించుకున్నాడు. పుస్తకాన్ని జిల్లా మీదకి వదిలాడు.

నెల తిరక్కుండా కుటుంబ సిద్ధాంతీకరణ కార్యాలయం వెలిసింది. ఆ వెనకే ఉత్తర్వు వచ్చింది. "ఏ సిద్ధాంతమునకును లోబడని కుటుంబమును ఇకమీదట కుటుంబముగా పరిగణింపరాదు. అట్టివారిని ఒకే కప్పు క్రింద తాత్కాలికముగా తారసపడిన వ్యక్తులుగా మాత్రమే గుర్తించవలెను."

సిద్ధాంతం అనగానే మన జనానికి తెలిసిన దారి ఒకటే. మర్నాడు తెల్లారేసరికి సగం ఊరు జాతకచక్రాలు పట్టుకుని పంచాంగం సిద్ధాంతి గారి అరుగు మీద కూర్చుంది. ఆయన వేళ్ళు మడిచి లెక్కకట్టి, "మీ ఇంటికి ప్రస్తుతం సంఘర్షణ నడుస్తోంది, ఉగాది దాటితే నెమ్మదిస్తుంది" అని చెప్పి పంపాడు. నిజం చెప్పాలంటే, తర్వాత ఆఫీసువాళ్ళు చెప్పినదానికంటే ఆయన చెప్పిందే మెరుగు.

అక్కడితో ఆగిందా? పెళ్ళిచూపుల్లో గోత్రం అడగడం వెనకబడింది. "మాది మూడు తరాలుగా ప్రకార్యవాదమండి, తమరిది సంఘర్షణట కదా" అని కాఫీ ముట్టకుండా లేచిపోయినవాళ్ళున్నారు. ఇదంతా విని భూలక్ష్మి పొట్ట చెక్కలయ్యేలా నవ్వేది, తన నెత్తి మీదకి వచ్చేదాకా.

భూలక్ష్మి సముద్రం ఒడ్డున ఉప్పుమిల్లి హైస్కూల్లో తెలుగు పండితురాలు. మొగుడు త్రిమూర్తులు జిల్లాకి ఆ కొసన, కొండల్లో, బూరుగుగొంది హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఇద్దరికీ మధ్య రెండు బస్సులు, ఒక జీపు, ఏడు గంటల ప్రయాణం. శనివారం పొద్దుపోయాక వస్తాడు, ఆదివారం సాయంత్రం వెళ్ళిపోతాడు. పెళ్ళయి తొమ్మిదేళ్ళయింది గానీ, కలిసున్న రోజులన్నీ ఆయన ఒకసారి లెక్కకడితే, సెలవులతో సహా మూడేళ్ళకి రాలేదు.

ఆ ఏడు కోటిపాలెం హైస్కూల్లో తెలుగు పోస్టూ లెక్కల పోస్టూ ఒకేసారి ఖాళీ అయ్యాయి. అలాంటిది మళ్ళీ ఎప్పుడు జరుగుతుందో దేవుడికే తెలియాలి. బదిలీల్లో దంపతుల కోటా ఉంది. ఇదివరకైతే పెళ్ళి పత్రం చాలు. ఇప్పుడు దానికి కుటుంబ సిద్ధాంత ధ్రువపత్రం జతచేయాలి. గడువు ఇరవై రోజులు. భూలక్ష్మి సోమవారం సెలవు పెట్టి జిల్లా ఆఫీసుకి పరిగెత్తింది.

ఆఫీసులో నాలుగు కిటికీలున్నాయి, సిద్ధాంతానికొకటి.

మొదటి కిటికీ మీద ప్రకార్యవాదం అని రాసుంది. ఇంట్లో ప్రతి మనిషికీ ఒక పని ఉంటుందనీ, ఆ పనులన్నీ కలిస్తే ఇల్లు గడియారంలా నడుస్తుందనీ ఆ సిద్ధాంతం సారాంశం. గుమాస్తా తల ఎత్తలేదు.

"ఇంటి యజమాని?"

"త్రిమూర్తులండి."

"ముగ్గురా?"

"ఆయ్, ఒక్కరేనండి. ఆయన పేరే అది."

"పేరు బహువచనం, మనిషి ఏకవచనం. సరే, రిమార్కుల్లో రాస్తాను. వంట అనే ప్రకార్యం ఎవరు నిర్వర్తిస్తారు?"

"ఇక్కడ నేనేనండి. అక్కడ ఆయన మెస్సులో తింటారు."

"సంపాదన?"

"ఇద్దరిదీనండి."

"పిల్లల పెంపకం?"

"ఇంకా లేరండి," అంది భూలక్ష్మి మెల్లిగా.

"అంటే వంశాభివృద్ధి అనే ప్రకార్యం పెండింగు."

భూలక్ష్మికి ఒళ్ళు మండింది. "వారానికి ఒక్కపూట కనపడే మనిషితో ఏ అభివృద్ధి జరుగుతుందండీ? అందుకే కదా బాబూ బదిలీ అడుగుతున్నది!"

"మీ బాధ మాకు అర్థమైంది, కానీ అది మా ఫారం కాలమ్‌లలో లేదు. సంపాదన డూప్లికేటు, వంట రెండు చోట్ల, వంశం పెండింగు. గడియారం ఆగిపోయిందమ్మా. రెండో కిటికీకి వెళ్ళండి."

రెండో కిటికీ సంఘర్షణవాదానిది. ఇల్లంటే పెత్తనం కోసం పెనుగులాట అని దాని సూత్రం. అందువల్ల అక్కడ వరస అంటూ లేదు, తోసుకోవడమే.

"వారానికి గొడవలెన్ని?" అన్నాడు ఆ గుమాస్తా.

"కలిసేదే ఒక్కరోజండి. గొడవపడే తీరికేదీ?"

"కనీసం నాలుగుండాలమ్మా. నాలుగు లేనిదే సంఘర్షణ నిలబడదు."

వెనకనుంచి ఒకాయన మీసం దువ్వుకుంటూ, "మాకు పదకొండండి!" అన్నాడు. పక్కనున్న భార్య, "పదకొండేంటి, పన్నెండు. బుధవారంది కలపలేదు మీరు," అంది. "బుధవారంది గొడవెలా అవుతుంది, నన్ను నోరెత్తనిస్తేనా నువ్వు?" అన్నాడాయన. గుమాస్తా తన్మయంగా విని, వాళ్ళ కాగితం మీద టపీమని ముద్ర కొట్టాడు.

మూడో కిటికీ దగ్గర తక్కెడ ఉంది. మనిషి మనిషికి ఇచ్చేదీ పుచ్చుకునేదీ సరితూగితేనే బంధం నిలుస్తుందట. అది వినిమయ సిద్ధాంతం. భూలక్ష్మి చెప్పింది. ఆయన కొండచీపుళ్ళు తెస్తాడు, తను ఎండురొయ్యలూ చింతకాయ పచ్చడీ కట్టి పంపుతుంది. గుమాస్తా రాసుకున్నాడు.

"ఇంకేమైనా పంపుతారా?"

"ఏం పంపుతానండీ... ఆదివారం సాయంత్రం నుంచి శనివారం దాకా బెంగ పెట్టుకుంటాను."

"బెంగకి తూకం లేదమ్మా. తూకం లేనిది వినిమయం కాదు," అని ఆయన తక్కెడ తుడుచుకున్నాడు.

నాలుగో కిటికీ ముందు ఎవరూ లేరు. దాని పేరు అంత పొడుగు. ప్రతీకాత్మక పరస్పర చర్యా అన్నంతవరకు కిటికీ మీద పట్టింది, వాదం అన్నది పక్క గోడ మీదకి పోయింది. లోపల కృపానిధి అనే క్షేత్ర పరిశీలకుడు ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. నలభై దాటిన బ్రహ్మచారి. సంసారం చేసినవాడికి నిష్పాక్షికత ఉండదని ఆ కొలువుకి పెళ్ళికానివాళ్ళనే తీసుకున్నారు. అమ్మానాన్నలు చిన్నప్పుడే పోయి హాస్టళ్ళలో పెరిగాడు గనక ఆయన నిష్పాక్షికతకి రాష్ట్రంలోనే సాటిలేదు.

"మాటలు, సైగలు, చిహ్నాలు. కుటుంబమంటే ఇవేనండి," అన్నాడు. మనిషి మర్యాదస్తుడు. "మేం ఇంటికొచ్చి, ఎవరు ఎవరితో ఏమన్నారో అక్షరం పొల్లుపోకుండా రాసుకుంటాం. దాన్నిబట్టి కుటుంబం తేలుతుంది."

"అయితే ఆదివారం రండి. ఆయనుంటారు. మేం చక్కగా మాట్లాడుకుంటామండి," అంది భూలక్ష్మి, గండం గట్టెక్కినట్టే అనుకుని.

శనివారం ఆమె పనసపొట్టు కూర చేసింది. పనసకాయ కొట్టి, పొట్టు తీసి, ఆవ నూరి పెట్టి, సగం రోజు దానికే పోయింది. త్రిమూర్తులు ఏడు గంటల కుదుపులు తిని వచ్చి, కాళ్ళు కడుక్కుని, రెండు ముద్దలు తిన్నాడు. తిన్నవాడు ఊరుకోవచ్చు. "బావుంది. మా మెస్సులో అప్పయ్యమ్మ కూడా అచ్చం ఇలాగే చేస్తుంది," అన్నాడు.

లెక్కల్లో ఎంత గట్టివాడైనా ఇంట్లో ఇలాంటి తప్పు చేస్తాడు. భూలక్ష్మి గరిటె కింద పెట్టి లేచి వెళ్ళిపోయింది. అలక మొదలైంది.

మన ఇళ్ళల్లో మొగుడూ పెళ్ళాలు అలిగితే మాటలు మానరు, ఎదుటివాళ్ళతో మాత్రమే మానేస్తారు. గోడకి చెబుతారు, గిన్నెకి చెబుతారు. ఎదురుగా ఉన్న మనిషి ఎవరో అయిపోతాడు. ఇది తెలియడానికి ఏ సిద్ధాంతమూ అక్కర్లేదు, ఒక ఇంట్లో పెరిగితే చాలు. ఆ ఒక్కటీ కృపానిధికి లేదు. ఆదివారం పొద్దున్న ఏడింటికే వచ్చి, సావిట్లో కుర్చీ వేసుకుని, నోటుపుస్తకం తెరిచాడు.

భూలక్ష్మి వంటింట్లోంచి గిన్నెతో అంది. "ఎవరికో కాఫీ కావాలేమో, కాగింది మరి."

త్రిమూర్తులు క్యాలెండరు వైపు చూస్తూ అన్నాడు. "ఎవరో ఇవ్వకపోతే తాగేదెలా?"

"ఎవరికో ఇక్కడి వంట రుచించదుట. కొండ మీద అమృతాలు వండిపెట్టేవాళ్ళున్నారుట."

"ఎవరో నోరుజారి ఒక్క మాటన్నారు. దానికి ఎవరో ఇంత సాగదీయాలా?"

"ఎవరో వారానికి ఒక్కరోజు వస్తారు కదా అని సగం రోజు పొయ్యి ముందు కూర్చున్నాను, నాకు బుద్ధిలేక!"

కృపానిధి చెమటలు కక్కుతూ రాశాడు. మధ్యలో లేచి పడగ్గదిలోకి తొంగిచూశాడు, పెరట్లోకి వెళ్ళి బావి వెనక వెతికాడు. సున్నితమైన మనిషి గనక ఏమీ అడగలేదు. త్రిమూర్తులు వైపు మాత్రం చాలా జాలిగా చూసి, నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. అలక ఆ సాయంత్రం బస్సు రాకముందే తీరిపోయింది. "ఇంకెప్పుడూ ఆవిడ పేరెత్తను," అన్నాడు త్రిమూర్తులు. "ఎత్తండి చూద్దాం," అంది భూలక్ష్మి. బస్సు కిటికీలోంచి చెయ్యి ఊపుతూ ఆయన వెళ్ళిపోయాడు.

నాలుగో రోజున నివేదిక అందింది. "కుటుంబ సభ్యుల సంఖ్య: మూడు. ఒకటి, త్రిమూర్తులు (ఏకవచనం). రెండు, భూలక్ష్మి. మూడు, ఎవరో. మూడవ సభ్యుడు పరిశీలన సమయమున ఇంట కనబడలేదు. అయినను అతని ప్రస్తావన ఇరువది మూడు పర్యాయములు వచ్చినది. భార్య కాఫీ అతనికే కాచును. కూర అతని కొరకే వండును. అతడు వారమునకు ఒక దినము మాత్రమే వచ్చును. దంపతుల నడుమ నేరుగా మాటలు లేవు. సమస్త సంభాషణయు ఎవరో గారి ద్వారానే జరుగుచున్నది."

విచారణకి భార్యాభర్తలిద్దరినీ రమ్మన్నారు. ఆ కార్యాలయపు ఉపసంచాలకులు విశ్వంభరం గారు నివేదికను రెండు చేతులతోనూ పట్టుకుని ఉన్నారు, పసిబిడ్డని పట్టుకున్నట్టు.

"అయ్యా, ఎవరో అంటే మనిషి కాదండి, సర్వనామం," అంది భూలక్ష్మి. "పన్నెండేళ్ళుగా ఆరో తరగతి పిల్లలకి చెబుతున్నాను."

"తరగతి గదిలో మీరేం చెబుతారన్నది మీ శాఖకి సంబంధించిన విషయం. మా రిజిస్టరులో ఎక్కినది ఏదైనా నామవాచకమే."

"అది మా ఆయన్నే అన్నానండి. అలిగినప్పుడు అలాగే అంటాం."

"మీ ఆయన పేరు త్రిమూర్తులు. ఆయన్ని ఎవరో అన్నారంటే, మీ ఆయన ఎవరో మీకు తెలియదనా మీ వాంగ్మూలం?"

త్రిమూర్తులు ఏదో అనబోయాడు. విశ్వంభరం గారు చెయ్యెత్తి ఆపారు.

"మీ ముందు రెండు మార్గములు గలవు. ఎవరో లేడని మీరు రాసి ఇవ్వవచ్చు. అప్పుడు లేని వ్యక్తిని ప్రభుత్వ పరిశీలకుని ఎదుట ఇరవైమూడుసార్లు పేర్కొన్నందుకు మీ దరఖాస్తు రద్దగును. మళ్ళీ బదిలీలు నాలుగేళ్ళకి. లేదా, ఉన్నాడని అంగీకరించవచ్చు. అప్పుడు మీది త్రికోణ ప్రతీకాత్మక కుటుంబం. జిల్లాలో ఇటువంటిది ఇదే ప్రథమం. నేను దీనిపై వచ్చే నెల సదస్సులో పత్రం సమర్పించబోతున్నాను. అట్టి కుటుంబమునకు అత్యధిక ప్రాధాన్యం ఇవ్వకుండా ఎలా ఉంటాం?"

నాలుగేళ్ళంటే ఇంకా ఎన్ని శనివారాలో త్రిమూర్తులు లెక్కకట్టినట్టున్నాడు, మొహం పాలిపోయింది. భూలక్ష్మి ఆ మొహం చూసింది. సర్వనామాన్ని నామవాచకంగా ఒప్పుకుంటూ ఒక తెలుగు పండితురాలు సంతకం పెట్టడం కంటే పాపం లేదు. అయినా పెట్టేసింది.

బదిలీల రోజు జిల్లా పరిషత్ హాలు కిటకిటలాడింది. కోటిపాలెం రెండు పోస్టులూ ఇంకా తెర మీదే ఉన్నాయి. వీళ్ళ పేర్లు పిలిచేసరికి మధ్యాహ్నం రెండయింది. విశ్వంభరం గారు ధ్రువపత్రం పరిశీలించడానికి స్వయంగా వేదిక మీద కూర్చున్నారు, పక్కనే కృపానిధి.

"కోటిపాలెం, లెక్కలు, త్రిమూర్తులు. కోటిపాలెం, తెలుగు, భూలక్ష్మి," అని మైకులో వినపడింది.

త్రిమూర్తులుకి ఒళ్ళు తెలియలేదు. ఒక్క ఉదుటున లేచి, "భూలక్ష్మీ! వచ్చేసిందే! మనకి వచ్చేసింది!" అని అరిచాడు. భూలక్ష్మి కూడా లేచింది. ఆయన చెయ్యి పట్టుకోబోయింది.

విశ్వంభరం గారి పెన్ను ఆగింది. "ఇదేమిటి, నేరుగా సంబోధిస్తున్నారే!" అన్నారు. "మరి మూడవ సభ్యుడెక్కడ? దంపతులు ముఖాముఖి మాట్లాడుకునే స్థితి వచ్చినచో త్రికోణం కూలిపోయినట్లే గదా. కృపానిధిగారూ, ధ్రువపత్రం ఇలా ఇవ్వండి."

వచ్చే నాలుగేళ్ళూ ఆ పెన్ను కొస మీద వేలాడుతున్నాయి. భూలక్ష్మి చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. మొహం పక్కకి తిప్పుకుని, పైన తిరుగుతున్న ఫ్యానుతో అంది.

"ఎవరికో సిగ్గూ శరం లేదు. నలుగురిలో ఆ అరుపులేంటో! ఎవరో కాస్త నోరుమూసుకుని కూర్చుంటే అందరికీ మంచిది."

త్రిమూర్తులు ఒక్క క్షణం తెల్లబోయాడు. తర్వాత అర్థమైంది. కూర్చుని, మైకు స్తంభం వైపు చూస్తూ, "ఎవరో చెబితే వినాల్సిన ఖర్మ నాకేం పట్టలేదు," అన్నాడు.

విశ్వంభరం గారి మొహం విప్పారింది. "చూశారా, ఎంత బలమైన ఉనికో!" అని పక్కవాళ్ళకి చెప్పి సంతకం చేశారు. ఉత్తర్వు చివర ఒక షరతు ఉంది. మూడవ సభ్యుడు కుటుంబంలో కొనసాగినంతకాలమే ఈ బదిలీ చెల్లుతుంది. మూడు నెలలకోసారి పరిశీలకుడు ముందు చెప్పకుండా వచ్చి చూస్తాడు. దంపతులు నేరుగా మాట్లాడుకున్నట్టు తేలితే ఇద్దరూ ఎక్కడివాళ్ళక్కడికి వెళ్ళాలి.

అలా ఒక ఇంట్లో ఉండటానికి వాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మానేశారు. పరిశీలకుడు ఏ పూట వస్తాడో తెలియదు గనక నాలుకకి అలవాటు తప్పకూడదని తలుపులు వేసుకున్నాక కూడా గోడలతోనే మాట్లాడేవారు. మొదట్లో భూలక్ష్మికి ఏడుపొచ్చేది. తొమ్మిదేళ్ళు ఫోనులో పేరు పెట్టి పిలిచిన మనిషి, పక్కనే కూర్చుని తలుపుతో మాట్లాడుతుంటే ఎవరికి రాదు?

మూడో నెల చివర, ఒక మధ్యాహ్నం, వాళ్ళు అన్నానికి కూర్చునే వేళకి కృపానిధి దిగాడు. వద్దంటున్నా అతనికీ ఆకు వేశారు. అతను ఎడమ పక్కన నోటుపుస్తకం పెట్టుకున్నాడు.

భూలక్ష్మి అన్నం వడ్డిస్తూ గిన్నెతో అంది. "ఎవరో చిక్కిపోయారు. తొమ్మిదేళ్ళు ఎక్కడెక్కడో తిన్నారు, దగ్గర కూర్చుని మారు వడ్డించిన దిక్కు లేదు."

త్రిమూర్తులు నీళ్ళ చెంబుతో అన్నాడు. "ఎవరో తినకుండా వడ్డిస్తూ నుంచుంటే ముద్ద దిగుతుందా? ఎవరో కూడా కూర్చోవచ్చు కదా."

"ఎవరో తిన్నాక తింటే నా కడుపు నిండుతుంది."

"ఎవరో రాత్రంతా దగ్గారు. ఈ పూట బడికి సెలవు పెట్టమని ఎవరైనా చెబితే బావుండును."

"ఎవరో పక్కనుంటే దగ్గు అదే పోతుంది." అంది భూలక్ష్మి. పులుసు గిన్నె తెస్తానని లోపలికి వెళ్ళి, పొయ్యి గట్టు పట్టుకుని నుంచుంది. ఇన్నేళ్ళలో ఆయన తన దగ్గు గురించి అడిగినది ఇదే మొదటిసారి. దగ్గినప్పుడు పక్కన ఉంటే కదా.

కృపానిధి తినడం మానేసి రాశాడు. "దంపతుల మధ్య మాటలు లేవు. ఎవరో గారి స్థానం మునుపటికంటె బలపడినది. ధ్రువపత్రమును పొడిగించవచ్చును."

చెయ్యి కడుక్కుని గుమ్మం దాకా వెళ్ళి, చెప్పుల్లో కాలు పెట్టి ఆగిపోయాడు. త్రిమూర్తులు సాగనంపడానికి వెనకే వచ్చాడు. కృపానిధి గొంతు తగ్గించాడు. వంటింట్లో ఉన్న భూలక్ష్మికి ఆ మాటలు వినపడుతూనే ఉన్నాయి.

"మాస్టారూ, ఇది ఆఫీసు మాట కాదండి, మీ తమ్ముడిలాంటివాణ్ణి గనక చెబుతున్నాను. ఏమీ అనుకోకండి. మీ ఆవిడ ప్రాణాలన్నీ ఆ ఎవరో మీదే పెట్టుకున్నారండి. మీరే తట్టుకోవాలి."

ముక్కు ఎగబీల్చుకుంటూ త్రిమూర్తులు గొంతు వినపడింది.

"తట్టుకుంటున్నానండి."